బావ గుండెనొప్పి, నేను చెప్పిన టైము

ఆ రోజు పొద్దున ఆరున్నరకు సైట్‌లో ఇనుపచువ్వలు కడుతున్న మా బావ గంగారాం పని ఆపేసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కింద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. ఒమన్‌లోని సూర్‌లో ఎండాకాలం చెమట పట్టనివాడెవడు? అందుకని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మా అక్క భర్త. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వీసా ఇప్పించి ఇక్కడికి తెచ్చింది నేనే. అదే కంపెనీలో నేను చార్జ్‌హ్యాండ్‌ను, అంటే ఇరవైమంది మీద పెద్దను.

"గుండెల మీద బండ పెట్టినట్టున్నదిరా సాయిలూ. దవడ గూడ గుంజుతున్నది" అన్నాడు బావ.

"రాత్రి మటన్ గట్టిగ తిన్నవు కద బావా. గ్యాస్ పట్టింది. ఆగు, గోలీ తెస్త" అని నవ్వాను.

మా రూమ్‌లో ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. లీవు మీద ఇంటికి వెళ్లొచ్చే ప్రతివాడూ మెడికల్ షాపులో గోలీలు కొనుక్కొచ్చి అందులో వేయాలి. జ్వరానికి, నడుం నొప్పికి, గ్యాస్‌కు అన్నీ ఉండేవి. ఆసుపత్రికి పోతే డ్యూటీ పోతుంది, ఆఫీసుకు తెలుస్తుంది. అందుకని అందరూ ఆ డబ్బా దాచే నా దగ్గరికే వచ్చేవారు. నన్ను డాక్టర్ సాబ్ అనేవారు. పదో తరగతి తప్పినవాణ్ని, ఆ పిలుపుకు ఉబ్బిపోయేవాణ్ని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కావడం లేదు.

బావకు ఒక గ్యాస్ గోలీ, ఒక నొప్పి గోలీ ఇచ్చి నీడలో కూర్చోబెట్టాను. తొమ్మిదింటికి అడిగితే "జర నయమే" అన్నాడు. పదకొండుకు ఎడమ చెయ్యి లాగుతోందంటే ఇంకో నొప్పి గోలీ ఇచ్చాను. మధ్యాహ్నం రూమ్‌కు వచ్చాక రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పెదవులు పాలిపోయాయి. అప్పుడు గాని నాకు భయం పుట్టలేదు. కంపెనీ పికప్‌లో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటికి ఒకటిన్నర.

ఈసీజీ తీసిన డాక్టర్ హిందీలో చెప్పాడు, హార్ట్ ఎటాక్ అని. నొప్పి ఎప్పుడు మొదలైందని వెంటనే అడిగాడు: "దర్ద్ కబ్ షురూ హువా?"

"అభీ సాబ్. ఏక్ ఘంటా" అన్నాను, ఇప్పుడే, గంటే అయిందని.

"పక్కా? గోలీలేమైనా ఇచ్చారా?"

"పక్కా సాబ్. ఏం ఇయ్యలే."

ఎందుకలా అన్నానంటే, ఆ డబ్బా సంగతి తెలిసి ఆఫీసువాళ్లు నన్ను ఒకసారి గట్టిగా హెచ్చరించారు. పొద్దున్నుంచి మనిషిని కూర్చోబెట్టానని తెలిస్తే నా చార్జ్‌హ్యాండ్ పని ఊడుతుంది, నలుగురిలో పరువు పోతుంది. అక్క మొగుడు మంచం మీద కొట్టుకుంటుంటే నేను నా పరువు చూసుకున్నాను. థూ! బావ ఆక్సిజన్ మాస్క్ లోంచి నన్ను చూశాడు.

నొప్పి మొదలై గంటే కాబట్టి గడ్డను కరిగించే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందని డాక్టర్ అక్కడే ఇచ్చాడు. ఆంజియోగ్రామ్ చేయాలంటే మస్కట్ పోవాలి, రెండు గంటల పైన దారి. గంటన్నర చూసి మళ్లీ ఈసీజీ తీశారు. ఏమీ మారలేదు. ఇంత తొందరగా వచ్చినవాడికి ఎందుకు పనిచేయలేదో డాక్టర్‌కు అంతుబట్టలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

బావే మాస్క్ పక్కకు లాగాడు. "సాబ్, సుబే సాఢే ఛే బజే సే. మైనే కిసీకో నహీ బోలా."

పొద్దున ఆరున్నర నుంచి ఉంది, నేనే ఎవరికీ చెప్పలేదు అని. తప్పు తన మీద వేసుకున్నాడు.

డాక్టర్ మండిపడ్డాడు. "ముందే చెప్తే ఇంజెక్షన్ ఇస్తూనే అంబులెన్స్ ఎక్కించేవాణ్ని కదా!" అని ఫోన్ అందుకున్నాడు. మస్కట్‌లో స్టెంట్ వేశారు. రక్తనాళం తెరుచుకున్న కాసేపటికే గుండె లయ తప్పింది. షాక్ ఇచ్చి నిలబెట్టారు.

మర్నాడు అక్కడి డాక్టరమ్మ దగ్గర అన్నీ కక్కేశాను, గోలీలతో సహా. నొప్పి గోలీ మీద ఆ ఇంజెక్షన్ పడితే రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుందని ఆమె చెప్పింది.

"నాళం తెరిచాక లయ ఎందుకు తప్పింది మేడమ్?" అని అడిగాను.

ఆమె ఓపికగా చెప్పింది. రక్తం అందకపోతే గుండె కండరంలో కణాలు ఆక్సిజన్ లేకుండానే బతకాలని చూస్తాయట. దాంతో లోపల యాసిడ్ పేరుకుంటుంది. యాసిడ్ అనగానే నేను ఉలిక్కిపడ్డాను. "కడుపులోది కాదు, అది వేరు" అంది. కణం ఆ యాసిడ్‌ను బయటికి తోసి, బదులుగా సోడియం లోపలికి తెచ్చుకుంటుంది. ఎక్కువైన సోడియంను వదిలించుకోబోయి కాల్షియం తెచ్చుకుంటుంది. కాల్షియం మితిమీరితే కణం బిగుసుకుని చచ్చిపోతుంది. రక్తం ఒక్కసారి తిరిగి వచ్చినప్పుడు కణం యాసిడ్‌ను మరీ జోరుగా తోస్తుంది, ఆ తొందరలో కూడా కాల్షియం ముంచుకొస్తుంది. లయ తప్పే కారణాల్లో అదీ ఒకటట.

మా సైట్‌లో పునాది గుంతలో ఊరే నీటిని పంపు పొద్దంతా తోడుతూ ఉంటుంది. అలా బావ గుండె తనను తాను కాపాడుకోవడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోడుకుంది. "కొన్ని కణాలు మీ కోసం చాలాసేపు ఆగాయి. అన్నీ ఆగలేవు" అంది డాక్టరమ్మ. తిట్టినా బాగుండేది.

వారానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ ఐసీయూ. ఈఎఫ్, అంటే గుండె పంపు చేసే బలం, ముప్పై శాతం దగ్గర ఆగింది, మామూలుగా యాభై పైన ఉండాలట. కంపెనీ వీసా రద్దు చేసి ఇంటికి పంపింది. ఇప్పుడు బావ మెల్లగా నడుస్తాడు, ఉప్పు తగ్గించి తింటాడు, బియ్యం బస్తా ఎత్తలేడు. అక్క బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఛాతీలో నొప్పి అంటే గోలీ వెతక్కండి, టైము చూడండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎప్పుడు మొదలైందో, ఏం మింగారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిట్లు తర్వాత తినొచ్చు.

ఫోన్ చేసినప్పుడల్లా అక్క ఒకటే మాట: "నువ్వు లేకుంటే నా పుస్తెలు తెగిపోతుండె తమ్మీ." బావ ఆమెకు నిజం చెప్పలేదు. మొన్న లీవుకు వెళ్లినప్పుడు భరించలేక ఇద్దరి ముందూ అంతా చెప్పేశాను.

"ఇడువు గా ముచ్చట" అన్నాడు బావ.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. నా మొహంలోకి సూటిగా చూసి అడిగింది.

"ఆ దినం ఈయన నోరు తెరువకపోతే, నువ్వు చెప్తుంటివా తమ్మీ?"

అవునని అనాలని నోటిదాకా వచ్చింది. మళ్లీ అబద్ధమే అవుతుందేమో.

"తెల్వదక్కా" అన్నాను.