ఢిల్లీ కమిటీ కోసం గది సర్దిన రోజు

ఒక సోఫా కొంటే ప్రభుత్వ పరిశోధన కొంప మునుగుతుందా? మునుగుతుందండీ! ముంచడానికి నేనెంత శ్రద్ధగా కష్టపడ్డానో వినండి.

అప్పట్లో విశాఖలో ఆటిజం ఉన్న పిల్లల మీద ప్రభుత్వ నిధులతో సాగే ఒక పరిశోధనకు నేను మేనేజర్ని. సైకాలజీలో డాక్టరేట్ కొత్తగా వచ్చింది, వెంట తలబిరుసూ వచ్చింది. సీతమ్మధారలో ఒక అద్దె గదే మా కేంద్రం. వచ్చిన ప్రతి తల్లికీ నా ఉపదేశం ఒకటే: "ఈ పిల్లలకు అలవాటైన చోటే ధైర్యం. ముందుగా చెప్పకుండా ఇంట్లో చెంబు కూడా కదపొద్దు."

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని కబురు. వాళ్ళు సరేనంటేనే కేంద్రం ఉంటుంది, లేదంటే పిల్లలకు ఈ కాస్త చదువూ ఉండదు. పెళ్ళివారు వస్తున్నంత హడావిడి పడ్డాను. ఆదివారం గదికి రంగు వేయించి, పూల కర్టెన్లు కట్టించాను. కిటికీ పక్కనున్న పాత నీలం కుర్చీని వరండాలో పడేసి, ఆ చోట సోఫా వేయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు కమిటీ పెద్దాయన వచ్చి సోఫాలో కూర్చున్నారు. ఢిల్లీలో ఉద్యోగమైనా ఆయన మన గుంటూరాయనే. అప్పుడే గౌరి తన కొడుకు నూకరాజును తీసుకొచ్చింది. వాళ్ళది సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం. పిల్లాడికి మాటలు రావు. కావలసింది బొమ్మల కార్డు చూపించి అడగమని నెలల తరబడి నేర్పినా, తనంతట తాను ఒక్కసారీ అడగలేదు. ఆ నీలం కుర్చీ వాడిదే.

వాడు గడప దగ్గరే ఆగి, చెవులు మూసుకుని కేకలు పెట్టాడు.

"ఏటి మేడమ్ గారూ, మాకేమో సెంబు కదపొద్దన్నారు. మీరేటి గదంతా తిరగేసీసినారు?" అంది గౌరి.

"అదీ... పెద్దలొస్తున్నారని..."

"పెద్దలకి బాగుంటే సరిపోద్దేటి? ఆడికి బయమేత్తంది సూడండి!"

నాకు ఏడుపొచ్చింది. వాడు వణికిపోతున్నాడు, వణికించింది నేను. ఒక్క ఊపున కర్టెన్ పీకాను. అది తిన్నగా వెళ్ళి పెద్దాయన నెత్తిన ముసుగులా పడింది. ఆయన అందులోంచి బయటపడేలోగా వరండాలోని నీలం కుర్చీ ఎత్తుకొచ్చాను. తెచ్చానే గానీ, ఆయన కూర్చున్నది దాని చోటులోనాయె. లేవండి అనడానికి ఇంత చదువూ చదివిన నాకు నోరు పెగల్లేదు.

కుర్చీని చూసి నూకరాజు కేకలు ఆపాడు. మెడలో వేలాడే సంచిలో వెతికి, కుర్చీ బొమ్మ ఉన్న కార్డు తీసి, ఆయన ముక్కు ముందు పెట్టాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"మిమ్మల్ని... లెమ్మంటున్నాడు సార్."

ఆయన చటుక్కున లేచారు. తానే ఓ చెయ్యి వేసి సోఫా జరిపారు. నూకరాజు తన కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

"అడిగీసినాడు మేడమ్! నాను కళ్ళారా సూసినాను, నా కొడుకు అడిగీసినాడు!" అంటూ గౌరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను.

వెళ్తూ పెద్దాయన అన్నారు: "కేంద్రం నడపండమ్మా. పిల్లాడు నేర్చుకున్నాడు. మీకూ ఎవరైనా నేర్పితే బాగుంటుంది."

సింహాద్రి అప్పన్న సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: నూకరాజుకు ముందుగా చెప్పకుండా ఆ గదిలో చీపురు కూడా కదపను. సోఫా మా ఇంటికి చేరింది. గుమ్మానికి అడ్డంగా ఉంది, కాస్త జరుపుదామని మా ఆయన ఇప్పటికీ పోరుతూనే ఉంటారు. ససేమిరా ఒప్పుకోను.