తమ్ముడికి స్వామి వచ్చిన సాయంత్రం

ఈ మాట ఇన్నేళ్లూ నాలోనే దాచుకున్నాను. ఇక మోయలేను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను బందరులో నర్సుని. తమ్ముడు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గొలుసులకు పూత పెట్టేవాడు. మంచి పనివాడే, కానీ పొద్దున్నే మందు పడనిదే వాడి చేతులు నిలిచేవి కావు. తాగుడు మాన్పించాలని వాడికి మాల వేయించింది నేనే. నలుగురూ స్వామీ అని పిలుస్తుంటే సిగ్గుకైనా చుక్క ముట్టడని నా ఆశ. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని, డాక్టరు చూస్తూ మందులిచ్చి మాన్పించాలని నాకు తెలియదా? తెలుసు. వార్డులో అలాంటివాళ్లను ఎంతమందిని చూశానో! మా వాణ్ణి మాత్రం ఆ స్వామే చూసుకుంటాడులే అనుకున్నాను.

మాల వేసిన రెండు మూడు రోజులకే వాళ్ల వీధిలో భజన పెట్టారు. నేను వెళ్లేసరికి తమ్ముడు చెమటతో తడిసి, ఒళ్లంతా వణుకుతూ, ఎవరూ లేని మూలకేసి చూసి మాట్లాడుతున్నాడు. స్వామి వచ్చారంటూ జనం హారతి పట్టారు. అంతవరకూ వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వని వాడి మావగారు కూడా కాళ్ల మీద పడ్డారు.

నాకు చూడగానే అర్థమైంది. అది పూనకం కాదు. ఆటో ఎక్కితే ఆసుపత్రి ఎంత దూరం? ఒక్క మాట అంటే చాలు. ఎందుకు అనలేదు? తాగుబోతుకి అక్కనని ఏళ్ల తరబడి తల దించుకున్నదాన్ని, ఆ పూట నా తమ్ముడికి అంతమంది దణ్ణాలు పెడుతుంటే, ఇది తాగుడు తెచ్చిన రోగమని నా నోటితో చెప్పలేకపోయాను. భజన అయ్యాక తీసుకెళ్దాంలే అని సర్దిచెప్పుకున్నాను.

వాడు నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి చాపాడు.

"అక్కా, చీమలే... ఒళ్లంతా పాకుతున్నాయి. కాస్త దులపవే."

"ఏం లేవు స్వామీ" అన్నాను.

తమ్ముడూ అనలేదు. విభూతి తీసి ఆ చేతికి రాశాను. అందరితో పాటు నేనూ కాళ్లకు మొక్కాను.

భజన పూర్తికాకుండానే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. అప్పుడు పరిగెత్తాం. ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు సిస్టర్ అని డాక్టరు గారు అడిగితే, ఇప్పుడేనండీ అన్నాను. అక్కడా అబద్ధమే.

బతికాడు. కానీ కొత్త సంగతి ఏదీ వాడి బుర్రలో నిలవదు. గొలుసు చేతిలో ఉండగానే ఏం చేయాలో మరచిపోతాడు. పూత పని పోయింది. ఆ సాయంత్రమూ గుర్తులేదు. మరదలు పదే పదే చెప్పగా స్వామి వచ్చాడన్న ఆ ఒక్క మాటా మనసులో నాటుకుంది. నేను వెళ్లినప్పుడల్లా అడుగుతాడు, నిజంగా నాకు స్వామి వచ్చాడటగా అక్కా అని. వచ్చాడురా అంటాను. ముఖం వెలిగిపోతుంది. కాసేపటికి మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే చెబుతాను.

నిజం చెప్పినా వాడు కాసేపట్లో మరచిపోతాడు. వాడికి చెప్పేసి చేతులు దులుపుకోవాలని చాలాసార్లు అనిపించింది. అలా తప్పించుకోవడం ఇష్టం లేక, గుర్తుంచుకోగలిగిన మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. ఆ రోజు నా తమ్ముడికి స్వామి రాలేదు. నాకు తెలుసు.