రామదాసు ఉమ్మడి కరెంటు

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో తన బ్లాకుకు ఉమ్మడి కరెంటు ప్రసాదించిన మహానుభావుడు రామదాసు. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాక, ముప్ఫై ఒక్క ఇళ్లను కూడగట్టి, అందరూ ఒకే చిన్న కంపెనీ దగ్గర కరెంటు కొనేలా చేశాడు. గుంపుగా వెళితే రేటు తగ్గుతుంది మరి. అనుమానపడ్డవాళ్లకు ఒకటే ప్రవచనం: "తీగ పాత సంస్థదే, అది ఎక్కడికీ పోదు. మనం మార్చేది అమ్మేవాణ్ణి."

ఆ అమ్మేవాడు నెలాఖరుకి దుకాణం కట్టేస్తున్నానని ఉత్తరం రాశాడు. ఒకటో తారీఖు నుంచి అందరూ మళ్లీ పాత సంస్థ ఖాతాలోకే వెళతారనీ, సరఫరా ఆగదనీ అందులోనే ఉంది. ముప్ఫై ఇళ్లవాళ్లు చదివారు, నమ్మారు. నమ్మనిది ప్రవచనకారుడొక్కడే. ఆయన భార్య కుమారమ్మ ఊపిరి ఆక్సిజన్ మెషీన్ మీద నడుస్తోంది. మెషీన్ గోడలోని ప్లగ్గు మీద నడుస్తోంది.

పాత సంస్థకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఆగదు" అన్నారు. ఇంత గట్టిగా అంటున్నారంటే ఏదో ఉందనుకున్నాడు. అద్దెకు ఆక్సిజన్ సిలిండరు చెబితే ఒకటో తారీఖు పదింటికి తెస్తామన్నారు.

ఆ పొద్దున, ఉన్న కరెంటును ముందే తోడిపెట్టుకోవాలని రామదాసు నిశ్చయించాడు. కెటిల్‌లో నీళ్లు, కుక్కర్లో అన్నం, ఓవెన్‌లో రొట్టె, నెలకు సరిపడా చొక్కాలకు ఇస్త్రీ.

"ఏవండీ, కరెంటేమన్నా బిందెలకి పట్టుకునే నీళ్లా?" అంది కుమారమ్మ.

"నువ్వు మాట్లాడకు. ఊపిరి దాచుకో."

ఎనిమిదీ పదికి టప్పుమంది. ఫ్యాను ఆగింది. మెషీన్ కూత అందుకుంది.

"అలామక్! అయ్యో, తీసేశారు!"

ఉత్త కాళ్లతో పరుగెత్తి పక్కింటి కాత్యాయని తలుపు బాదాడు. ఆమె వెనక ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"చూశావామ్మా, మాకొక్కళ్లకే తీసేశారు! అందర్నీ చేర్చింది నేనే కదా, నన్నే పట్టుకున్నారు! ఆవిడకి ఊపిరి..."

కాత్యాయని మాట పూర్తికానివ్వలేదు. లోపలికి దూసుకెళ్లి కెటిల్, ఇస్త్రీపెట్టె, ఓవెన్ ప్లగ్గులు లాగేసింది. గోడమీది పెట్టె తెరిచి కిందికి పడిన స్విచ్చి పైకి నెట్టింది. కూత ఆగి, మెషీన్ మళ్లీ గుర్రుమంది.

"ఎవరూ తీయలేదు అంకుల్. అన్నీ ఒకేసారి పెడితే ట్రిప్ అవదా?"

నలభై ఏళ్లు బస్సుల ఫ్యూజులు మార్చిన చేతులకు ఆ పెట్టె గుర్తురాలేదు. కుమారమ్మ పెదవుల్లో నీలం మెల్లగా తగ్గుతుంటే, రామదాసు గోడ పక్కన చతికిలబడ్డాడు.

పదింటికి సిలిండరు వచ్చింది. తెచ్చినవాడు సంతకం అడిగితే ఎడంచేత్తో గీకాడు. కుడిచెయ్యి అప్పటికింకా మెషీన్ ప్లగ్గును గోడకేసి అదిమిపట్టే ఉంది.