ట్రామెల్ మోకాలు

కాజిమిర్ వోయ్‌టాస్ ముప్ఫై నాలుగేళ్లు ఆటగాళ్ల కాళ్లకు పట్టీలు చుట్టాడు. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కోచ్‌లు మారారు, యజమానులు మారారు, అందరూ కాజ్ అని పిలిచే అతను మాత్రం తన బల్ల దగ్గరే ఉండిపోయాడు. ఉక్కు మిల్లు మూతపడ్డాక తండ్రి పనిలేక ఇంట్లో కూలబడిపోవడం చూసినవాడు. అందుకే ఈ పని దొరకడం దేవుడి దయ అనుకునేవాడు.

ఆ బల్ల మీద తొమ్మిదేళ్లుగా కాళ్లు చాపినవాడు ఓటిస్ ట్రామెల్. అలబామా నుంచి వచ్చిన భారీ మనిషి. ముందు వరుసలో నిలబడి, బంతి విసిరేవాడి మీదికి ఎవరూ దూకకుండా అడ్డుకోవడం అతని పని. ఆ పని సవ్యంగా చేసినన్నాళ్లూ అతని పేరు ఎవరికీ గుర్తు రాదు. పెద్దవాళ్లను ఒట్టి పేరుతో పిలవకూడదని తల్లి నేర్పింది కాబట్టి, కాజ్‌ని ఎప్పుడూ "మిస్టర్ కాజ్" అనేవాడు.

నవంబరులో ఒక ఆటలో ట్రామెల్ ఎడమ మోకాలు మెలితిరిగింది. ఆ సంగతి కాజ్ చేతులకు తప్ప ఎవరికీ తెలియలేదు. వాపు కనబడకుండా రెండు చుట్లు ఎక్కువ వేయించుకుని అతను సీజను గట్టెక్కించాడు.

మార్చి వచ్చింది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపాలి అని పై అంతస్తులో తర్జనభర్జనలు జరిగే నెల. ట్రామెల్‌ని డాక్టరు పరీక్షకు రమ్మన్నారు. ముందు రోజు పొద్దున్నే కాజ్ అతన్ని పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు.

"దెబ్బ తగిలిందని రాయించు నాయనా. ఆటలో దెబ్బ తిన్నవాణ్ణి బాగుచేయించకుండా పంపెయ్యలేరు. బాగానే ఉన్నానని సంతకం పెట్టావంటే, నీ చేతులు నువ్వే కట్టేసుకున్నట్టు."

"కుంటివాణ్ణని తెలిస్తే ఉంచుకుంటారా, మిస్టర్ కాజ్? ముప్ఫై ఒకటొచ్చింది నాకు. ఒక్క ఏడాది ఆడనిస్తే చాలు. నోరు మెదపనని మాటివ్వండి."

కాజ్ మాటిచ్చాడు.

మర్నాడు డాక్టరు ముందు ట్రామెల్ గొంతుక్కూర్చున్నాడు, లేచాడు, నవ్వాడు. నుదుటి మీద పట్టిన చెమట డాక్టరు చూడలేదు. గోడవారగా నిలబడ్డ కాజ్ చూశాడు. ఏ నొప్పీ లేదన్న కాగితం మీద ట్రామెల్ సంతకం పెట్టాడు.

మూడోనాడు, ఈస్టరుకు ముందు మాంసం మానేసే తపస్సు కాలపు శుక్రవారం. ఊళ్లో సగం మంది చర్చి హాల్లో వేపుడు చేప తినడానికి చేరారు. కాజ్, భార్య బెర్నడెట్ పళ్లేల ముందు కూర్చోగానే ఎవరి ఫోనులోనో వార్త వచ్చింది. ట్రామెల్‌ని, మరో నలుగురిని జట్టు వదిలేసింది.

"మంచి పని చేశారు," అన్నాడు పక్కనే కూర్చున్న పోస్టుమాన్ లెనార్డ్. "నవంబరు నించీ కాళ్లీడుస్తున్నాడు. బద్ధకం బలిసింది. నువ్వు రోజూ చూస్తావుగా కాజ్, బద్ధకమేనా కాదా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. కాజ్ చేప సగంలో వదిలేసి కోటు తొడుక్కున్నాడు.

శనివారం ట్రామెల్ తన సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. బాహాటంగా కుంటుతూ వచ్చాడు. ఇక ఎవరి దగ్గర దాచాలి? బూట్లు, తువ్వాళ్లు, కూతురు గీసిన బొమ్మ ఒకటి చెత్త వేసే నల్ల సంచిలో కుక్కుకున్నాడు. తను డాక్టరుకి చెప్పేసి ఉండాల్సిందన్నాడు కాజ్.

"చెప్పుంటే ఈ జన్మలో మీతో మాట్లాడేవాణ్ణి కాదు," అన్నాడు ట్రామెల్. ఆ గొంతులో కోపం లేదు.

మరే జట్టూ అతన్ని పిలవలేదు. మేలో సొంత ఊళ్లో డాక్టరు మోకాలు కోసి చూసి, లోపల అరిగిపోవడానికి ఇక ఏమీ మిగల్లేదన్నాడు. దెబ్బ తిన్నవాణ్ణి వదిలేశారని ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు వేస్తే, జట్టువాళ్లు ఆ సంతకం చూపించారు. అది విన్న కాజ్ వంటింట్లో కూర్చుని సంఘానికి ఉత్తరం రాశాడు. నవంబరు నుంచీ తనకు తెలుసని, తనే పట్టీల కింద దాచానని రాశాడు. బెర్నడెట్ చదివి, "పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది," అని మాత్రం అంది. స్టాంపు తనే అంటించింది.

ఉత్తరం వల్ల ఒరిగిందేమీ లేదు. సంతకం సంతకమేనన్నాడు తీర్పు చెప్పిన పెద్దమనిషి. జూలైలో, శిక్షణ మొదలయ్యే ముందు వారం, గాయం సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచినందుకు కాజ్‌ని పనిలోంచి తీసేశారు. అందులో అబద్ధమేమీ లేదు కనుక అతను వాదించలేదు. ఆ ఏడాది జట్టులోకి వచ్చినవాళ్ల పేర్లు, పోయినవాళ్ల పేర్లు పత్రికలో పొడుగ్గా వేశారు. పట్టీలు చుట్టేవాడి పేరు అలాంటి చోట ఉండదు.

ఆ వారమే ట్రామెల్ ఫోను చేశాడు. చాలాసేపు పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడాడు.

"మీరు మాట తప్పారు, మిస్టర్ కాజ్," అన్నాడు చివరికి.

"తప్పాను," అన్నాడు కాజ్. "ఆలస్యంగా తప్పాను."

ఆ తర్వాత కూడా ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.

చలికాలం ఆదివారాల్లో, ఆట మొదలయ్యే వేళకి కాజ్ ఇంట్లో ఉండేవాడు కాదు. సరస్సు గట్టు వెంట గాలికి ఎదురు నడిచి, చీకటి పడ్డాక వచ్చేవాడు. బెర్నడెట్ రేడియోలో ఫలితం విని ఉండేది. అతను అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు.