ఐదు కిలోమీటర్ల ఫ్రాన్స్

మే నెలలో ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మా అత్తగారూ నేనూ మెయ్‌నూత్ నుంచి ఫ్రాన్స్‌కి బయల్దేరాం. కోవిడ్ కారణంగా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆ రోజుల్లో ఐర్లండ్‌లో నిబంధన. అందువల్ల ఫ్రాన్స్‌ని ఆ ఐదు కిలోమీటర్లలోపలే సర్దుకోవలసి వచ్చింది. ఈ దారిలో వెళ్లదలచిన వారికి పనికొస్తుందని వివరాలు రాస్తున్నాను.

ముందు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. నా భార్య వసుధకి గ్రావెల్ సైక్లింగ్ ఇష్టం. తారు రోడ్డు వదిలేసి కంకర బాటల మీద, పొలాల మధ్య నుంచి తొక్కుకుంటూ పోవడం. ఆ వేసవిలో ఫ్రాన్స్‌లో బర్గండీ కాలువ వెంబడి ఆరు రోజులు తొక్కాలనీ, దారిలో ఉన్న పాత ఊళ్లలో రాత్రుళ్లు ఆగాలనీ అనుకున్నాం. ఏ రోజు ఏ ఊరో అన్నం తింటూ ఎన్నోసార్లు చెప్పేది. నాకు కంఠతా వచ్చేసింది. ఫిబ్రవరిలో గుండె ఆపరేషన్‌కని ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

అంత్యక్రియలకి తణుకు నుంచి వాళ్లమ్మగారు వచ్చారు. కొన్నాళ్లుండి వెళ్దామనుకునేసరికి విమానాలు ఆగిపోయాయి. మాకు పిల్లల్లేరు. ఇన్నేళ్లూ అత్తగారికీ నాకూ మధ్య మాటలు వసుధే అటూ ఇటూ చేరవేసేది. ఆమె లేకుండా ఆ ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఆవిడ వండేవారు, నేను గిన్నెలు కడిగేవాణ్ణి.

ఆదివారం కబురొచ్చింది, గురువారం ఇండియాకి ప్రత్యేక విమానం ఉందని. అత్తగారు సంతోషిస్తారనుకున్నాను.

"ఫ్రాన్స్ వెళ్లకుండా నేను విమానం ఎక్కనండి బాబూ" అన్నారు.

"ఫ్రాన్సా? అన్నీ మూసేశారు కదండీ అత్తయ్యగారూ."

"ఇక్కడే తిప్పండి. కాలవుంది, కంకరుంది. ఊళ్ల పేర్లు మీకొచ్చు. ఇంకేం కావాలి?"

ఎందుకని అడగడం అప్పటికి నాకు అలవాటు తప్పింది.

అత్తగారికి సైకిల్ రాదు. పక్కింటి డెక్లన్ దగ్గర కార్గో సైకిల్ ఉంది. ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య పెద్ద చెక్క పెట్టె, అందులో పిల్లలు కూర్చునే బల్ల, బెల్టులు, వానొస్తే కప్పే ప్లాస్టిక్ కవరు. మనవలు రావడానికి వీల్లేక అది ఖాళీగా పడి ఉంది. డెక్లన్ దాన్ని శానిటైజర్‌తో తుడిచి మా గేటు దగ్గర పెట్టి వెళ్లాడు. అద్దె లేదు. అత్తగారు చీర మీద నా చలికోటు వేసుకుని, తలకి వసుధ హెల్మెట్ పెట్టుకుని, ఒళ్లో క్యారేజీతో ఆ పెట్టెలో కూర్చున్నారు. "బొమ్మల కొలువులో పెట్టినట్టుంది" అన్నారు.

గేటు దాటుతుండగా డెక్లన్ గోడ అవతల నుంచి చెయ్యూపి, "ఎక్కడికి?" అని ఉత్సాహంగా అరిచాడు.

అత్తగారు చెయ్యెత్తారు. "ఆపండి బాబూ. వెనక్కి."

బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడిగితే పని జరగదని మనందరికీ తెలుసు. నేను నమ్మను. అయితే నమ్మకపోవడం నాకే చెల్లుతుంది, పెట్టెలో కూర్చున్న మనిషికి కాదు. ఆవిడ దిగి, ఇంట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి, సోఫాలో కాసేపు కూర్చుని మళ్లీ వచ్చారు. ఈలోగా డెక్లన్‌కి సంగతి చెప్పాను. అతను రెండు సార్లు సారీ చెప్పి, లోపలికి పోయి కర్టెన్ వేసుకున్నాడు.

రెండోసారి రైల్వే స్టేషన్ దాకా వచ్చాం. కాలువ మీది వంతెన దగ్గర గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, అడ్డంగా కోన్‌లు పెట్టి అందర్నీ ఆపుతున్నారు. ఎర్రజుట్టున్న చిన్న వయసు గార్డ్ మా దగ్గరికి వచ్చి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఎంతో మర్యాదగా, "గుడ్ మార్నింగ్. ఎక్కడికి బయల్దేరారు?" అంది.

అత్తగారికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. "తిప్పండి" అన్నారు.

"ఇంటికి" అని గార్డ్‌తో చెప్పి సైకిల్ తిప్పాను. ఆపితే వాదించేవాళ్లని చూసి ఉంటుంది గానీ, అడగ్గానే వెనక్కి పోయేవాళ్లని ఆ అమ్మాయి చూసినట్టు లేదు. మలుపు తిరిగేదాకా మమ్మల్నే చూస్తూ నిలబడింది.

మళ్లీ ఇల్లు, మళ్లీ మంచినీళ్లు, మళ్లీ సోఫా. ఈసారి వంతెన తప్పిద్దామని పెద్దవీధి మీదుగా, శిథిలమైన కోట పక్క నుంచి తీసుకెళ్లాను.

"ఇది ఏ ఊరండీ?" అని అడిగారు అత్తగారు.

"సెమ్యూర్. మొదటి రోజు మజిలీ."

గేటుకి తాళం ఉంది. ఆవిడ పెట్టెలోంచే కోటని పైనుంచి కిందకి చూశారు. "పాత ఊరంటే పాతదే. కప్పు కూడా లేదు" అన్నారు.

నాకు తెలియని సంగతేమిటంటే, ఆ వారం ఇంకో దారి మరమ్మతుకి మూసేశారు. కాలువ బాట ఎక్కాలంటే చచ్చినట్టు ఆ వంతెన దగ్గరికే రావాలి. వచ్చాం. ఈసారి ఎర్రజుట్టు గార్డ్ పక్కన సార్జెంట్ కూడా ఉన్నాడు, పెద్దాయన.

"ఇందాక ఇంటికన్నారు. ఇప్పుడు అవతలి వైపు నుంచి వస్తున్నారు. నిజం చెప్పండి, ఎక్కడికి?" అంది గార్డ్.

"మళ్లీనా!" అన్నారు అత్తగారు.

మధ్యాహ్నం నుంచి వాన అని ఫోన్ చెబుతోంది. మర్నాడంతా వాన, ఆ మర్నాడు విమానం. ఇంకోసారి ఇంటికి వెళ్తే ఈ ప్రయాణం ఇక లేదు. సైకిల్ దిగి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను. ఫ్రాన్స్ సంగతి, వసుధ సంగతి, ఎక్కడికని అడగకూడదన్న సంగతి.

సార్జెంట్ టోపీ తీశాడు. కాసేపు ఆలోచించి, "మా తాత మేయో తీరంలో చేపలు పట్టేవాడు" అన్నాడు. "పడవకి వెళ్తుంటే ఎర్రజుట్టు ఆడమనిషి ఎదురైతే ఆ రోజుకి వేట మానేసి ఇంటికొచ్చేవాడు." అంటూ పక్కకి చూశాడు.

"చాలా సంతోషం, సార్జెంట్" అంది ఎర్రజుట్టు గార్డ్.

అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ ఆ అమ్మాయిని పరీక్షగా చూశారు. "ఈ పిల్ల ఎదురు రాలేదు. పక్క నుంచి వచ్చింది. పర్లేదని చెప్పండి."

చెప్పాను. ఆ అమ్మాయి కుదుటపడ్డట్టే కనిపించింది. "మరి మీ ఊళ్లో ఎవరైనా బయటికి వెళ్తుంటే ఎలా తెలుసుకుంటారు?" అని అడిగింది.

"ఎందాకా అనడగాలి" అన్నారు అత్తగారు.

అంటే ఎంత దూరం అని, వివరించాను. గార్డ్‌లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అసలు మాక్కావలసిందీ అదే" అన్నాడు సార్జెంట్. గొంతు సవరించుకుని, కొత్తగా మొదలుపెడుతున్నట్టు, "గుడ్ మార్నింగ్. ఎందాకా?" అన్నాడు.

"ఐదు కిలోమీటర్లు" అన్నారు అత్తగారు, ఇంగ్లీషులో.

"గ్రాండ్" అన్నాడు సార్జెంట్. ఇక్కడివాళ్ల భాషలో సరే అని.

కానీ ముందడిగిన ప్రశ్నకి పరిహారం మిగిలే ఉంది. ఇంటికి వెళ్లనక్కర్లేదు, ఇక్కడే కానిచ్చేద్దాం అని ఆవిడే తీర్పు చెప్పారు. పెట్టె దిగి, వంతెన పక్క మెట్టు మీద కూర్చుని, సీసాలో నీళ్లు తాగారు. సార్జెంటూ గార్డూ నేనూ రెండేసి మీటర్ల దూరంలో నిలబడి ఎదురుచూశాం. మా వెనక మూడు కార్లు ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఆవిడ లేచి, పెట్టెలో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాక సార్జెంట్ కోన్ పక్కకి జరిపాడు. ఫ్రాన్స్ ప్రయాణం అప్పుడు, పదిన్నర దాటాక మొదలైంది.

బాట బాగుంది. సన్న కంకర, గట్టిగా అణిగి ఉంది. వెడల్పు చక్రాలైతే ఇబ్బంది లేదు. ఎడమ పక్క కాలువ, దాని అవతల రైలు పట్టాలు. డబ్లిన్ వెళ్లే రైలొకటి పోయింది, డ్రైవర్ తప్ప ఎవరూ లేరు. ఎదురొచ్చేవాళ్లు దూరం పాటించాలని గడ్డిలోకి తప్పుకుంటున్నారు. ఒకాయన దురదగొండి లాంటి ఆకుల్లోకి దిగి, మోకాళ్లు రుద్దుకుంటూ, "లవ్లీ డే" అన్నాడు.

మొదటి వంతెన దగ్గర ఫ్లావిన్యీ అని చెప్పాను. రేకుల షెడ్డున్న ఒక ఆవుల దొడ్డిని షాటోనఫ్ అన్నాను, కొండ మీద కోట అని. "కొండేదండీ?" అన్నారు అత్తగారు. కొంచెం ఎత్తుగా ఉన్న గడ్డిని చూపించాను. ఆవిడ మొహమాటం లేకుండా తల అడ్డంగా ఊపారు.

పక్క ఊరు కిల్‌కాక్ ఇంకా రాకముందే ఫోన్ చూసి ఆగాను. ఐదు కిలోమీటర్లు అయిపోయాయి. చెట్ల మీదుగా ఆ ఊరి చర్చి శిఖరం కనిపిస్తోంది, దాన్ని ఆఖరి ఊరిగా అనుకున్నాం గానీ అంతవరకు అనుమతి లేదు. గట్టు మీద కూర్చుని క్యారేజీ తెరిచాం. దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి. ఫ్రాన్స్‌లో రొట్టే తినాలటగా అని చేశారట.

సగం తిన్నాక, నీళ్ల వైపు చూస్తూ, "ఆ రోజు నేనే అడిగానండి" అన్నారు.

నేను తినడం ఆపాను.

"ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు వీడియో కాల్ చేశాను. మీరు కింద కారు తీస్తున్నారంట. అది బూట్లేసుకుంటోంది. తెలిసి తెలిసి, ఎక్కడికే అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. వెనక్కెళ్లి కూచోవే, కాసిని మంచినీళ్లు తాగు అన్నాను. ఆపరేషన్ ముందు నీళ్లు తాగకూడదే అమ్మా అంది."

గాలికి క్యారేజీ మూత దొర్లింది. పట్టుకున్నాను.

"నేను ఏడుపు మొహం పెట్టేసరికి నవ్వింది. ఎక్కడికో చెప్పనా, ఫ్రాన్స్‌కి అంది. అలా చెప్పి వెళ్లింది. మాట అలా వదిలేయకూడదు కదండీ. ఎవరో ఒకరు వెళ్లి రావాలి."

నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిలో ఏదీ ఆ గట్టు మీద పనికి రాలేదు. నాకు తెలిసింది చెప్పాను.

"ఆ పొద్దున్న పార్కింగ్ దగ్గర అడిగారండి, ఎక్కడికని. రిసెప్షన్‌లో అడిగారు. లిఫ్ట్ దగ్గర ఒక నర్సు అడిగింది. వార్డు తలుపు దగ్గర ఇంకొకరు."

"అంతమందా?"

"అంతమంది. నేను పక్కనే ఉన్నాను."

"వాళ్లకేం చెప్పింది?"

"ఆపరేషన్‌కని చెప్పింది. ఫ్రాన్స్ అని మీకొక్కరికే చెప్పింది."

ఆవిడ రొట్టెలో పెద్ద ముక్క విరిచి నా చేతిలో పెట్టారు. "తినండి. తిరిగి తొక్కాలి."

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. ప్లాస్టిక్ కవరు దించి జిప్పు వేశాను. ఎదురుగాలి. వెళ్లేవారికి నా సలహా: ఉదయమే బయల్దేరండి, తిండి తీసుకెళ్లండి, దుకాణాలేవీ లేవు. ఊళ్లన్నీ మూసి ఉన్నా, చూడదగ్గవే.

కవరు లోపల అత్తగారు తణుకులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశారు. ఆవిరికి మొహం కనిపించడం లేదు, మాట మాత్రం వినిపిస్తోంది.

"ఫ్రాన్స్ వెళ్లొచ్చామే... కాదే, సైకిలు మీద... ఊళ్లు పాతవే. కోటకి కప్పు లేదు... మనుషులు మంచోళ్లు, పోలీసులు కూడా... ఆ, గురువారం బయల్దేరుతున్నాను... ఎక్కడికేంటే, మనింటికే."

అవతల ఆవిడ నాలిక్కరుచుకున్నట్టుంది. నేను తొక్కడం నెమ్మది చేశాను.

"ఏడవకే పిచ్చిదానా" అన్నారు అత్తగారు. "అడిగితే అడిగావు. ఏం కాదులే."