అత్త నల్లమందు మానిన ఎండాకాలం

నేను కాపురానికి ప్రొద్దుటూరు వచ్చేనాటికి మా ఆయనకు పులివెందులలో బడిపంతులు ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. మిగిలిన రోజులు ఇంట్లో నేనూ, మా అత్తా. ఇద్దరం ఉన్నామన్న మాటే గాని, నాతో మాట్లాడే మనిషి లేదు.

అత్త నల్లమందు తినేది. మోకాళ్ల నొప్పులకని ఆవగింజంత మొదలుపెట్టిందట. నేను వచ్చేసరికి కందిగింజంత అయింది. మింగిన కాసేపటికి గోడకు ఆనుకుని కళ్లు వాల్చేది. అన్నం కెలికి వదిలేసేది. నేను ఏం చెప్పినా ఆమె చెవికెక్కేది కాదు. గాజులమ్మే ఆమె వాకిట్లోకి వస్తే, గాజులు అక్కర్లేకపోయినా కూర్చోబెట్టి మాట్లాడించుకునేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలంలో సర్కారు నల్లమందు అంగళ్లు మూయించింది. ఇంట్లో ఉన్నది అయిపోయిన మర్నాడు అత్తకు ఆవులింతలు ఆగలేదు. ముక్కూ కళ్లూ కారాయి. అంత ఎండలోనూ ఒళ్లు గగుర్పొడిచి దుప్పటి కప్పుకుంది. ఆపైన కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు.

"రోంత మందు తెచ్చియ్యి అమ్మీ. యాడన్నా అడుగు. సచ్చిపోతాండా" అని నా చెయ్యి పట్టుకుంది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె నన్ను తాకడం అదే మొదటిసారి.

కలరా ఏమోనని భయపడ్డాను. ఆయన వచ్చేదాకా ఆగలేక, పక్కింటివాళ్ల సాయంతో బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆమె కనురెప్పలు తెరిచి చూసి, "నల్లమందు తింటాందా?" అని అడిగింది. అవునన్నాను.

"కలరా కాదులేమ్మా. ఒళ్లు మందుకు అలవాటుపడింది. ఉన్నట్టుండి ఆపేసరికి ఇట్ల తిరగబడింది. మొదట నొప్పికి తినింటాది. ఇప్పుడు మానితే వచ్చే బాధకు భయపడి తింటాంది. ఇది జబ్బు, తిట్టొద్దు. మెల్లగా మాన్పిస్తాం. మానినాక మాత్రం పాత మోతాదు మింగిందంటే ఊపిరే ఆగిపోతాది, జాగ్రత్త" అంది.

అక్కడే ఉండిపోయాం. ఒకరోజు పొద్దున నేను గంజి తాగిస్తుంటే అత్త నా ముఖంలోకి చూసింది.

"మీ ఊర్లో నీళ్లు యాడనుంచి తెచ్చుకుంటారు?"

"ఏటి చెలమల్లో తోడుకుంటాం అత్తా" అన్నాను. అన్నాళ్లకు నా గురించి ఒక మాట అడిగిందని ఏడుపు ఆగలేదు.

అప్పుడు తన మాట చెప్పింది. "నొప్పి మోకాళ్లదే కాదు అమ్మీ. మీ మామ పోయినాక నాకు పొద్దు పొయ్యేది కాదు. అది మింగితే ఎట్లో గడిచేది."

ఇంటికి వచ్చాక మోకాళ్ల నొప్పులు మళ్లీ మొదలయ్యాయి. వేడి ఉప్పుమూటతో కాపడం పెట్టేదాన్ని. కొన్నాళ్లు మందు కావాలని ఏడ్చింది, నన్ను తిట్టింది. నేను పక్కనే కూర్చునేదాన్ని. అత్త మళ్లీ మందు ముట్టలేదు. రోజూ నన్ను ఏదో ఒకటి అడుగుతూ కొన్నేళ్లు బతికి, విషజ్వరంతో పోయింది.

తర్వాత నేను పులివెందులకు కాపురం మార్చాను. ఆయన బడికి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి వంటింట్లో కూర్చునేదాన్ని. అత్త ఉంటే ఈ పాటికి ఏదో ఒకటి అడిగేది కదా అనిపించేది.