అద్దంలాంటి ఐసుముక్క

మేం కన్నడ సీమలో స్థిరపడ్డ తెలుగువాళ్ళం. మా నాయనకు కాటన్‌పేటలో సోడా అంగడి ఉండేది. ఎండలు మొదలైతే పొద్దున్నే జట్కాలో ఐసు దిమ్మె దిగేది. రంపపు పొట్టులో పెట్టి, గోనెపట్ట కప్పి, కావలసినప్పుడల్లా పగలగొట్టి షర్బతు గ్లాసుల్లో వేసేవాళ్ళం. స్కూలు లేని వేళ ఆ పని నాదే.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మా వీధిలో నా ఈడు పిల్లలు చాలామంది కాపురాలకు వెళ్ళిపోయారు. నేను మాత్రం హైస్కూలుకు వెళ్తానని మొండికేసి ఆడపిల్లల స్కూల్లో చేరాను. చదివించడం తప్పని చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేవారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి నేను పుస్తకం తీసుకునేదాన్ని.

మా సైన్సు సార్ అనంతపురం వైపు మనిషి. పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు, కోపం తెలుగులో వచ్చేది. ఒకరోజు పదార్థం మూడు స్థితుల గురించి మొదలుపెట్టారు. లోకంలో ఉన్నదంతా కంటికి కనబడని అణువులేననీ, గట్టి వస్తువులో అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయనీ, ద్రవంలో కాస్త ఎడంగా జరిగి తిరుగుతుంటాయనీ, ఆవిరిలో ఎటుపడితే అటు పరుగెడతాయనీ బోర్డు మీద చుక్కలు పెట్టి చూపించారు. ఆ చుక్కలు నాకు తెగ నచ్చాయి. పక్కింటి ఊదుబత్తి వాసన మా ఇంట్లోకి ఎలా వస్తుందో అప్పుడే తెలిసింది.

"గట్టి వస్తువులన్నీ ఇంతే. కరిగితే అణువులు ఎడమవుతాయి. రాసుకోండి" అన్నారు సార్.

నేను లేచాను. "సార్, అణువులు అంత దగ్గరగా ఉంటే ఐసు నీళ్ళకన్నా బరువుండాల కదా. మునగాల. మరి తేలతాదెందుకు?"

"దాంట్లో గాలి ఉంటాది. కూర్చో."

కూర్చున్నాను. ఆ జవాబులో కొంత నిజం ఉంది. దిమ్మె నడుమ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది, అది గాలే. కానీ అంచులు అద్దంలా ఉంటాయి. అక్కడ గాలి ఎక్కడుంది? మర్నాడు పొద్దున అంచు నుంచి ఒక ముక్క పగలగొట్టి, బుడగ ఒక్కటీ లేదని ఎండకు పెట్టి చూసుకుని, టిఫిను డబ్బాలో పొట్టు పోసి అందులో దాచి తీసుకెళ్ళాను. మొదటి పీరియడు సైన్సే. సార్ బల్లమీదున్న ఆయన మంచినీళ్ళ గ్లాసులో ముక్క కడిగి వేశాను.

"ఇందులో గాలి లేదు సార్. చూడండి, తేలతాండాది."

సంతోషిస్తారనే అనుకున్నాను, నిజంగా. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. సార్ ముఖం ఎర్రబడింది. గ్లాసు తీసి నీళ్ళు కిటికీలోంచి పారబోశారు.

"నాకు పరీక్ష పెట్టేదానికి వచ్చినావా? తప్పయిందని చెప్పేదాకా నా క్లాసులో అడుగు పెట్టొద్దు."

ఇంట్లో అమ్మ బతిమాలింది. "ఒక్క మాట అనేస్తే అయిపోతాది కదమ్మా. సుమ్నే, ఊరికే గలాటా ఎందుకు?"

నాయన సీసాలు కడుగుతూ ఒకటే అడిగాడు. "తేలిందా?"

"తేలింది నాయనా."

"అట్లయితే ఏం తప్పయిందని చెప్తావు?"

నేను చెప్పలేదు. సైన్సు పీరియడు రాగానే బయటికొచ్చి, వరండాలో తలుపు ఎదురుగా కూర్చుని పాఠం వింటూ రాసుకునేదాన్ని. సార్‌కు కనబడేలాగే కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు హెడ్‌మిస్ట్రెస్ చూసి తన గదికి పిలిపించారు. అంతా విని, పెద్దవారు కదా, క్షమాపణ అడిగితే ఏమవుతుందని కన్నడంలో అడిగారు. నేనూ కన్నడంలోనే చెప్పాను.

"అడగకుండా ఆయన గ్లాసు ముట్టుకున్నాను, దానికి అడుగుతాను మేడమ్. ఐసు తేలుతుందన్నందుకు మాత్రం అడగను."

ఆమె సరే, వెళ్ళమన్నారు. సార్‌తో ఏం మాట్లాడారో తెలియదు. మర్నాడు నన్ను లోపలికి రానిచ్చారు. గ్లాసు సంగతి క్షమించమని అడిగాను. సార్ తల కూడా ఎత్తలేదు. ఆ తర్వాత నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. పరీక్షలో మూడు స్థితుల గురించి పుస్తకంలో ఉన్నట్టే రాసి, చివర "ఐసు విషయంలో ఇది నిజం కాదు" అని కలిపాను. ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ పై పరీక్షలోనూ అదే వాక్యం రాశాను. మళ్ళీ కొట్టేశారు.

కారణం కాలేజీలో తెలిసింది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు అణువులు ఒక వరసలో అమరి, నడుమ ఖాళీలు వదులుకుంటాయట. లెక్చరరు రెండు మాటల్లో చెప్పేశారు. అందరూ రాసుకుంటున్నారు. నాకు ఆనందం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఈ రెండు మాటలు తెలియవని ఒప్పుకోలేక ఒక మనిషి నన్ను అన్నాళ్ళు బయట కూర్చోబెట్టాడు.

ఆ ఏడే చిక్కపేట ఇరుకు సందులో సార్ ఎదురుపడ్డారు. నమస్కారం పెట్టాను. గుర్తుపట్టి, "ఏం చదువుతాండావు?" అన్నారు.

"ఫిజిక్సు సార్."

"ఆడపిల్లలకు అది కష్టమమ్మా."

"నాకు కాదు సార్" అని చెప్పి, ఆయనే పక్కకు జరిగి దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.